మిద్దె మీద పాలికార్బొనేట్ పైకప్పు: కొనడం నుంచి బిగింపు దాకా పూర్తి పద్ధతి

మిద్దె మెట్ల మీద, పంచ ముందు, కారు నిలిపే చోట పాలికార్బొనేట్ షీటు వేయించుకున్న పాఠకులు కొంతకాలంగా నన్ను ఒకే రకమైన ప్రశ్నలు అడుగుతున్నారు. మూడేళ్లకే షీటు పసుపు రంగుకు తిరిగిందని, స్క్రూల దగ్గర చీలిందని, లోపల పాచి పట్టిందని, గాలివానకు ఎగిరిపోయిందని వారు చెబుతున్నారు. తిరుపతిలోనూ చిత్తూరులోనూ అలాంటి పైకప్పులు కొన్నిటిని నేను స్వయంగా ఎక్కి చూశాను. వాటిలో చాలావరకు షీటు తప్పేమీ కనిపించలేదు. ఎండకు షీటు సాగుతుందన్న సంగతినీ, దానికి పైముఖం, కిందిముఖం అని రెండున్నాయన్న సంగతినీ పట్టించుకోకుండా, రేకు బిగించినట్టే దాన్నీ బిగించడం వల్లనే అవి పాడయ్యాయి. అందుకే పని మొత్తాన్ని మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

1. ముందుగా తెలియవలసిన గుణాలు

పనికి అవసరమైన ఐదు గుణాలు మాత్రమే చెబుతాను.

ఇది దెబ్బకు పగలదు. అదే మందం గల గాజుతో పోలిస్తే సుమారు 200 రెట్లు ఎక్కువ దెబ్బను ఓర్చుకుంటుంది. అయితే గీతలు మాత్రం చాలా తేలికగా పడతాయి.

ఇది తేలిక. చదరపు మీటరు విస్తీర్ణం, ఒక మి.మీ. మందం ఉన్న గట్టి షీటు 1.2 కిలోలు మాత్రమే తూగుతుంది, అదే కొలత గాజు 2.5 కిలోలు ఉంటుంది.

వేడికి ఇది బాగా సాగుతుంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్ వేడి పెరిగినప్పుడు మీటరు పొడవుకు సుమారు 0.065 మి.మీ. పెరుగుతుంది. దాన్ని మోసే ఇనుము 0.012 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. ఈ తేడాయే మీ పైకప్పు ఎన్నాళ్లు నిలుస్తుందో తేలుస్తుంది.

నేరుగా ఎండ తగిలితే, అందులోని అతినీలలోహిత కిరణాలకు షీటు పసుపు రంగుకు తిరిగి, పెళుసెక్కుతుంది. దాన్ని అడ్డుకోవడానికి తయారీలోనే ఒక వైపు పలుచని రక్షణ పొర వేస్తారు. ఆ పొర ఆకాశం వైపే ఉండాలి.

సుమారు 147 డిగ్రీల వద్ద ఈ పదార్థం మెత్తబడుతుంది. మన ఎండకు ఆ భయం లేదు. కానీ కట్టెల పొయ్యి, నీళ్లు కాచే బాయిలరు, వాటి పొగ గొట్టం ఉన్న చోట ఈ కప్పు వేయకండి. మంట తగిలితే ఇది కరిగి కారుతుంది.

2. రకం, మందం, రంగు ఎంచుకోవడం

అంగళ్లలో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి గాజు పలకలా ఉండే గట్టి షీటు. రెండోది రెండు పలుచని పొరల మధ్య పొడవునా సన్నని కాలువలు ఉండే మల్టీవాల్ షీటు.

నీడతో పాటు వేడి తగ్గడం కూడా కావాలనుకుంటే మల్టీవాల్ మేలు, ఎందుకంటే కాలువల్లోని గాలి వేడిని కొంత ఆపుతుంది. మెట్ల కప్పుకు 6 మి.మీ. సరిపోతుంది. మనుషులు పగలంతా కూర్చునే పంచకు 10 మి.మీ. వేయించుకోండి.

అయితే కొండకు దగ్గరగా, అలిపిరి వైపో కపిలతీర్థం వైపో ఇల్లు ఉన్నవారికి నా సలహా వేరు. అక్కడ కోతులు గోడ మీద నుంచి కప్పు మీదికి దూకుతాయి. 6 మి.మీ. మల్టీవాల్ పైపొర అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఆ దెబ్బలకు చొట్టలు పడి, కాలువలు అణిగిపోతాయి. ఖర్చు ఎక్కువైనా, అలాంటి చోట కనీసం 3 మి.మీ. గట్టి షీటే వేయాలి.

రంగు విషయంలో తొందరపడవద్దు. పారదర్శకమైన షీటు అంగడిలో అందంగా కనిపిస్తుంది కానీ, మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో దాని కింద కూర్చోవడం అసాధ్యం. గట్టి షీటు అయితే వెలుతురులో సుమారు 88 శాతం లోపలికి వస్తుంది, దానితో పాటు ఎండ వేడీ వస్తుంది. పాలరంగు షీటు వెలుతురును సమంగా పరుస్తుంది, తాను కూడా ముదురు రంగు షీటు అంతగా వేడెక్కదు. గోధుమ రంగు కళ్లకు చల్లగా ఉంటుంది కానీ ఎండను పీల్చుకుని ఎక్కువ వేడెక్కుతుంది, అంటే ఎక్కువ సాగుతుంది కూడా. మన ఎండకు నా ఎంపిక పాలరంగే.

వడియాలు, మామిడి తాండ్ర ఎండబెట్టుకోవడానికి దుమ్ము పడని చోటు కావాలని కొందరు అడిగారు. ఆ పనికి మాత్రం పారదర్శకమైన షీటు తగినది. రెండు పక్కలా గాలి ఆడేలా తెరిచి ఉంచాలి, లేకపోతే తేమ బయటికి పోక తాండ్ర బూజు పడుతుంది.

3. అంగడిలో పరిశీలించవలసినవి

మందాన్ని మాత్రమే చూసి కొనేవారు ఎక్కువగా మోసపోతారు. మల్టీవాల్‌లో 6 మి.మీ. అన్నది బయటి కొలత, పొరలను పలుచన చేసి కూడా ఆ కొలత తెప్పించవచ్చు. అందువల్ల తూకం వేయించండి. సాధారణ రెండు పొరల 6 మి.మీ. షీటు చదరపు మీటరుకు సుమారు 1.3 కిలోలు ఉండాలి. 2.1 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు ముక్క అయితే 8 కిలోలకు కొంచెం పైన తూగాలి. ఆరు కిలోలే తూగితే, ధర ఎంత తక్కువైనా తీసుకోకండి.

గట్టి షీటు విషయంలో ఇంకో పరీక్ష ఉంది. పాలికార్బొనేట్ అని చెప్పి యాక్రిలిక్ ఇస్తే తూకంతో పట్టుకోలేం, రెండూ దాదాపు ఒకే బరువు. ఒక సన్నని తునకను అడిగి, కళ్లకు దూరంగా పెట్టి గట్టిగా వంచండి. పాలికార్బొనేట్ వంగి మడత పడుతుంది, యాక్రిలిక్ ఫట్‌మని విరుగుతుంది.

కొనే ముందు ఇవి సరిచూసుకోండి:

- షీటుకు అంటించి వచ్చే పలుచని ప్లాస్టిక్ ఫిల్ము మీద, రక్షణ పొర ఏ వైపు ఉందో తెలిపే అచ్చు ఉందా? రక్షణ పొర ఒక వైపేనా, రెండు వైపులా ఉందా?
- గ్యారంటీ రాతపూర్వకంగా ఉందా? అందులో పసుపెక్కడం కూడా చేర్చారా?
- షీట్లను నీడలో ఉంచారా, ఎండలో నిలబెట్టారా?
- అల్యూమినియం పట్టీలు, ఎండావానలకు ఓర్చుకునే ఇ.పి.డి.ఎం. రబ్బరు, కాలువల చివరలు మూసే రెండు రకాల టేపులు అదే చోట దొరుకుతాయా?

చివరి అంశం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ షీటు ఒక చోట, మిగతా సామాను వెల్డింగు అంగడిలో దొరికినదీ అయితే, సగం తప్పులు అక్కడే మొదలవుతాయి.

4. చట్రం, వాలు

ఇనుప చట్రం కట్టించే ముందే షీటు వెడల్పు నిర్ణయించుకోవాలి. చాలామంది చట్రం కట్టించి, ఆ తర్వాత షీటును దానికి తగినట్టు ముక్కలు చేయిస్తారు, దానివల్ల అతుకులూ వృథా రెండూ పెరుగుతాయి. 2.1 మీటర్ల వెడల్పు మల్టీవాల్ షీటును 6 మి.మీ. మందంలో వాడితే, వాలు వెంట వెళ్లే పైపులు 70 సెం.మీ.కు ఒకటి ఉండాలి. 10 మి.మీ. అయితే 105 సెం.మీ. చాలు. అడ్డు పైపులను సుమారు మీటరుకు ఒకటి పెట్టించండి. షీటుతో పాటు తయారీదారు ఇచ్చే పట్టికలో ఇంతకంటే దగ్గరగా చెప్పి ఉంటే దానినే పాటించండి.

వాలు కనీసం 5 డిగ్రీలు ఉండాలి, అంటే మీటరుకు సుమారు 9 సెం.మీ. దిగాలి. నేను 10 డిగ్రీలు పెట్టిస్తాను, మూడు మీటర్లకు 53 సెం.మీ. ఇంత వాలు ఉంటే దుమ్మూ ఆకులూ వానతోనే కొట్టుకుపోతాయి. వాలును కంటి అంచనాకు వదిలేయకుండా, రసమట్టంతో కొలిపించండి.

మల్టీవాల్‌లోని కాలువలు పై నుంచి కిందికి, నీరు పారే దిశలోనే ఉండాలి. అడ్డంగా పెడితే లోపల చేరిన తేమ బయటికి రాదు. వంపు కప్పు అయితే కాలువలు వంపు వెంట సాగాలి. మల్టీవాల్ షీటును మందానికి 175 రెట్ల కంటే తక్కువ వ్యాసార్ధంలో వంచకూడదు. 6 మి.మీ.కు అది 1.05 మీటర్లు.

చట్రానికి రంగు వేయడం, అది పూర్తిగా ఆరడం షీటు రాకముందే జరిగిపోవాలి. ఆరని రంగులోని థిన్నర్ ఆవిరి షీటుకు తగిలితే, కంటికి కనిపించని సన్నని పగుళ్లు మొదలవుతాయి. షీటు తాకే పైపుల పైభాగానికి తెల్ల రంగు వేస్తే అక్కడ వేడి కూడా తగ్గుతుంది. మిద్దె మీద కట్టడానికి అనుమతి అవసరమో కాదో మున్సిపాలిటీలో ముందే అడగండి.

5. ఇంటికి తెచ్చిన తర్వాత

షీట్లను నీడలో, సమంగా ఉన్న నేల మీద పరిచి ఉంచాలి. ఎండలో దొంతి పెడితే వేడి లోపలే నిలిచి షీట్లు వంకర పోతాయి, ఫిల్ము అంటుకుపోయి ఊడిరాదు. పనివారు రాని రోజు వాటిని మిద్దె మీదికి చేర్చకండి.

6. కోయడం, కాలువలు మూయడం

ఫిల్ము ఉండగానే కోయాలి. సన్నని పళ్ల కార్బైడ్ బ్లేడు ఉన్న రంపపు మిషను వాడండి. షీటును బల్లకు అదిమి పట్టాలి, అదిరితే అంచుల్లో చిన్న చీలికలు పడి తర్వాత పెద్దవవుతాయి.

కోసిన వెంటనే కాలువల్లో చేరిన పొడిని గాలి కొట్టి బయటికి పంపండి. ఆ పొడి లోపలే ఉండిపోతే, తర్వాత తేమతో కలిసి, ఎన్నేళ్లైనా పోని మరకలా నిలుస్తుంది.

తర్వాత చివరలు మూయాలి. పైచివరకు గాలి, నీరు చొరని అల్యూమినియం టేపు వేయాలి. కిందిచివరకు సన్నని రంధ్రాల టేపు వేయాలి. అది దుమ్మునూ చీమలనూ ఆపుతుంది, లోపలి తేమను మాత్రం బయటికి పోనిస్తుంది. వంపు కప్పులో రెండు చివరలూ కిందికే ఉంటాయి కాబట్టి రెండింటికీ రంధ్రాల టేపే వేయాలి. టేపుల మీద యు ఆకారపు పట్టీ తొడిగి, కింది పట్టీకి 30 సెం.మీ.కు ఒక చిన్న రంధ్రం చేయండి. పార్సిళ్లకు అంటించే టేపు ఒక్క వేసవి కూడా నిలవదు.

7. సాగుదలకు చోటు లెక్క కట్టడం

ఈ భాగాన్ని నిదానంగా చదవండి, పనివారికి కూడా చదివి వినిపించండి.

జనవరి ఉదయం షీటు 20 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. మే నెల మధ్యాహ్నం అదే షీటు 60 డిగ్రీలకు చేరవచ్చు. తేడా 40. మూడు మీటర్ల షీటుకు లెక్క: 3 × 40 × 0.065 = 7.8 మి.మీ. ఇనుప పైపు అదే వేడికి ఒకటిన్నర మిల్లీమీటరు కూడా సాగదు. షీటును అన్ని వైపులా కట్టేస్తే, ఆ మిగిలిన ఆరు మిల్లీమీటర్లకు చోటు దొరకక, షీటు ఉబ్బుతుంది, స్క్రూలను లాగుతుంది, చివరికి రంధ్రం దగ్గర చీలుతుంది.

అందుకని చలి రోజుల్లో బిగిస్తే, మూడు మీటర్ల పొడవుకు 10 మి.మీ. ఖాళీ వదలండి. మండుటెండలో బిగిస్తే లెక్క తారుమారవుతుంది: షీటు అప్పటికే సాగి ఉంది, రాత్రికి కుంచించుకుంటుంది. అప్పుడు 3 మి.మీ. ఖాళీ చాలు, కానీ పట్టీ లోపల షీటు కనీసం 27 లేదా 28 మి.మీ. దూరి ఉండాలి. చలికి 7 మి.మీ. తగ్గినా, ఇంకా 20 మి.మీ. పట్టు మిగలాలి. వెడల్పులోనూ మీటరుకు మొత్తం 4, 5 మి.మీ. వదలండి.

రంధ్రాలకూ ఇదే సూత్రం. మా మెట్ల కప్పు మొదటిసారి వేయించినప్పుడు, పనివారు స్క్రూను నేరుగా షీటులోంచి ఇనుములోకి దించారు. రేకుకు అది సరైన పద్ధతే కాబట్టి నేనూ అడ్డు చెప్పలేదు. రెండో వేసవికి ప్రతి స్క్రూ చుట్టూ నక్షత్రం ఆకారంలో పగుళ్లు వచ్చాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానకు ఆ పగుళ్లన్నిటి నుంచి నీరు కారింది.

సరైన పద్ధతి ఇది. స్క్రూ 6 మి.మీ. అయితే షీటులో ముందుగా 10 మి.మీ. రంధ్రం చేయాలి. షీటు మధ్యభాగంలో గుండ్రటి రంధ్రం చాలు. రెండు చివరల దగ్గర, పొడవు దిశలో 14 మి.మీ. ఉండేలా కోలగా చేయాలి. స్క్రూ సరిగ్గా రంధ్రం మధ్యలో దిగాలి, ఒక అంచుకు ఆనితే ఆ ఖాళీ వల్ల ఉపయోగం ఉండదు. రంధ్రం షీటు అంచుకు 40 మి.మీ. కంటే దగ్గరగా ఉండకూడదు.

8. బిగింపు క్రమం

1. షీటు నాలుగు అంచుల వెంట ఫిల్మును 5 సెం.మీ. మేర మాత్రమే లేపండి. అచ్చు ఉన్న వైపు పైకి ఉందని ఇద్దరు వేర్వేరుగా సరిచూడాలి. ఫిల్ము తీసిన తర్వాత ఏది పైముఖమో కంటితో చెప్పడం దాదాపు అసాధ్యం.

2. పైపుల మీద ఇ.పి.డి.ఎం. రబ్బరు పట్టీ పరచండి. మామూలు పి.వి.సి. రబ్బరు వద్దు, దానిని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలు షీటులోకి దిగి పగుళ్లు తెస్తాయి.

3. మొదటి షీటును పరచి, రసమట్టంతోనూ దారంతోనూ నేరుగా ఉందో లేదో చూడండి. మొదటి షీటు ఒక సెంటీమీటరు పక్కకు పోతే, నాలుగో షీటుకు సర్దడం సాధ్యం కాదు.

4. రెండు షీట్ల మధ్య అల్యూమినియం అతుకు పట్టీ వేసి, స్క్రూ ఆ సందులోనే దిగేలా బిగించండి. ధర తక్కువని హెచ్ ఆకారపు ప్లాస్టిక్ పట్టీ వాడితే, గాలికి షీటు వంగినప్పుడు అంచు అందులోంచి జారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాలు వచ్చే మన ప్రాంతంలో అది ప్రమాదం.

5. అడ్డు పైపుల దగ్గర స్క్రూలను 25 మి.మీ. వెడల్పు రబ్బరు వాషరుతో, మధ్య నుంచి చివరలకు బిగించండి. గాలి ముందుగా చూరునే లేపుతుంది కాబట్టి, చూరు అంచున స్క్రూలు 30 సెం.మీ.కు ఒకటి ఉండాలి. వాషరు షీటును ఆనగానే ఆపేయాలి. వాషరు చుట్టూ షీటు గుంత పడితే అది ఎక్కువ బిగింపు.

6. చివరి స్క్రూ దిగిన రోజే ఫిల్మును పూర్తిగా తీసేయండి. వారం ఎండకే దాని జిగురు కాలి, షీటుకు కరుచుకుంటుంది.

పని జరుగుతున్నంత సేపూ షీటు మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. రెండు పైపుల మీద ఆనేలా వెడల్పు పలక వేసి, దాని మీదే కూర్చుని పని చేయాలి. షీటు పగలదన్న నమ్మకంతో మధ్యలో అడుగు వేస్తే, అది పగలకుండానే వంగి పట్టీలోంచి జారి, మనిషిని కింద పడేస్తుంది. నడుముకు తాడు తప్పనిసరిగా కట్టించండి.

9. గోడతో కలిసే చోట

కప్పు గోడకు ఆనే చోటే ఎక్కువగా కారుతుంది. షీటును గోడలోకి సిమెంటుతో పూడ్చకండి. సిమెంటు షీటును కదలనివ్వదు, అందులోని క్షారం షీటును తినేస్తుంది కూడా. గోడకు అల్యూమినియం పట్టీ బిగించి, దాని పెదవి షీటు మీద 10 సెం.మీ. వాలేలా చూసి, పట్టీకి గోడకు మధ్య మాత్రమే సిలికాన్ పూయండి.

సిలికాన్ గొట్టం మీద న్యూట్రల్ క్యూర్ అని ఉండాలి. ఆరేటప్పుడు వెనిగర్ లాంటి పుల్లని వాసన వస్తే అది ఆమ్ల రకం, పాలికార్బొనేట్‌కు పనికిరాదు. గాజు బిగించేవారి దగ్గర ఉండేది తరచుగా ఆ రకమే కాబట్టి, పనివారు తెచ్చిన గొట్టాన్ని చదివి చూడండి.

10. ఇప్పటికే వేయించుకున్నవారు ఎదుర్కొనే లోపాలు, సవరణలు

ఉదయం, సాయంత్రం కప్పు టిక్‌టిక్‌మని చప్పుడు చేస్తే, షీటు కదలలేక స్క్రూల దగ్గర ఆగి జారుతోందని అర్థం. చల్లటి వేళ ఒక్కో స్క్రూ తీసి, రంధ్రాన్ని పైన చెప్పినట్టు పెద్దది చేసి, కొత్త వాషరుతో మళ్లీ బిగించండి. అన్ని స్క్రూలనూ ఒకేసారి తీయవద్దు.

కాలువల్లో పచ్చటి పాచి కనిపిస్తే పైటేపు ఊడి ఉంటుంది, లేదా వేయనే వేయలేదు. షీటును దింపి, కాలువల్లోకి నీరు కొట్టి, పూర్తిగా ఆరబెట్టి, కొత్త టేపులు వేయాలి. ఆరకముందే మూస్తే పాచి మళ్లీ వస్తుంది.

గట్టి షీటులో చీలిక మొదలైతే, దాని కొస దగ్గర 3 లేదా 4 మి.మీ. గుండ్రటి రంధ్రం చేస్తే చీలిక ముందుకు సాగడం చాలావరకు ఆగుతుంది. అది కొత్త షీటు వచ్చేదాకా ఉపశమనం మాత్రమే. మల్టీవాల్ చీలితే మార్చడమే మార్గం.

షీటు పసుపెక్కితే దానిని తిరగేసి ఉపయోగం లేదు, చెడిన వైపు అప్పటికే పెళుసై ఉంటుంది. గీతలను పాలిష్ పట్టించవద్దు. పాలిష్‌తో గీతతో పాటు రక్షణ పొర కూడా పోతుంది.

కింద ఉక్క భరించలేకపోతే, పైఅంచున గోడకూ కప్పుకూ మధ్య ఒక చేతి వెడల్పు సందు వదిలి, దాని మీద వాన పడకుండా చిన్న చూరు వేయించండి. వేడి గాలి ఆ దారినే పైకి పోతుంది.

11. శుభ్రం చేయడం, ఏటా చూడవలసినవి

ఉదయం కప్పు చల్లగా ఉన్నప్పుడు ముందుగా ధారాళంగా నీరు పోసి దుమ్మును కడిగేయాలి. తర్వాత గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు ద్రవం కలిపి, మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ కడగాలి. పొడి గుడ్డతో తుడిస్తే ఆ దుమ్మే గరుకు కాగితంలా గీస్తుంది. బ్లీచింగ్ పౌడరు, అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రవం, థిన్నర్, పెట్రోలు, అసిటోన్, గీకే పీచు షీటు దరిదాపులకు రానీయకండి.

సెప్టెంబరు చివరిలో, ఈశాన్య రుతుపవనాల వానలు రాకముందే, నిచ్చెన వేసుకుని ఇవి చూడండి:

- చూరు వెంట ఉన్న ప్రతి స్క్రూ వాషరు మెత్తగానే ఉందా, ఎండి చిట్లిందా?
- పై చివర అల్యూమినియం టేపు అంచులు లేచాయా?
- కింది పట్టీలోని నీటి రంధ్రాలు మట్టితో మూసుకున్నాయా?
- అతుకు పట్టీలో షీటు ఇంకా కనీసం 20 మి.మీ. లోపలే ఉందా?
- గోడ దగ్గరి సిలికాన్ గోడను వదిలిందా?
- ఇనుప పైపుల వెల్డింగు దగ్గర తుప్పు ఉందా? ఉంటే గీకి రంగు వేయించేటప్పుడు షీటు అంచును కాగితంతో కప్పి, బ్రష్‌తోనే వేయించండి, స్ప్రే వద్దు.